పల్చటి కవరు

కవరు చేతికి తగలగానే తెలిసిపోతుంది.
మందంగా ఉంటే తీర్పు,
పల్చగా ఉంటే ఇంకాస్త ఓపిక పట్టమని.
పదకొండేళ్లుగా హావర్ ఊళ్లో ఉత్తరాలు పంచుతున్నాను.
ఈ రెండేళ్లలో సైనికుల ఆఫీసు నుంచి
నేను మోసినవన్నీ పల్చటివే.

వీధి చివరింట్లో ఆర్లో బెర్గ్‌స్టాడ్,
ఫిరంగి దళం మనిషి.
ఎడమ చెవిలో ముప్ఫై నాలుగేళ్లుగా
చావని జోరీగ.
ఫారంలో అడిగారట, మోత మొదలైన తేదీ ఏదని.
"ఫిరంగులు ఆగిన రోజు" అని రాశాడు.
తేదీ గడిలో మాటలు రాయకూడదంటూ
ఏడు నెలలకి తిరిగొచ్చింది.

ఇప్పుడు ఫోన్ని కుడిచెవికి ఆనించి
వంటగదిలో నిలబడతాడు.
మీ ముందు రెండు వందల పన్నెండు మంది ఉన్నారు.
మధ్య మధ్య అదే పియానో ముక్క,
అదే చోట తెగిపోతూ.
"ఒక చెవిలో పియానో, ఒక చెవిలో జోరీగ,
కచేరీకి టిక్కెట్టు కూడా లేదు" అని నవ్వుతాడు.
భార్య మార్లిస్ నవ్వదు.
ఆ జోకు ఎన్నిసార్లు విందో ఆమెకే తెలుసు.

గ్యారేజీ మీది గదిలో వెండెల్.
వైద్య పరీక్ష హెలెనాలో అన్నారు,
పోనూ రానూ నాలుగు వందల మైళ్లు.
ఆ రోజు మంచు తుఫానుకి హైవే మూసేశారు.
ఆఫీసు కాగితంలో తుఫాను లేదు.
"హాజరు కాలేదు" అని మాత్రం ఉంది.
మళ్లీ వరస చివరికి.

కోరలీ భర్త ఫిబ్రవరిలో పోయాడు.
ఏప్రిల్‌లో అతని పేరుకే వచ్చింది:
నొప్పి ఇంకా ఉన్నట్టు ఆధారాలు పంపగలరు.
ఆ కవరు పట్టుకుని వరండాలో
ఎంతసేపు నిలబడ్డానో.
ఇవ్వకుండా ఉండే హక్కు నాకు లేదు.
ఆమె తీసుకుంది, చదివింది,
"కాఫీ తాగుతావా?" అంది.

ఒకసారి నాకూ ఫోన్ కలిసింది.
అవతల ఎవరో చిన్నపిల్ల, గొంతు జలుబుతో మూసుకుపోయి.
తన బల్ల మీద తొమ్మిది వందల ఫైళ్లట,
పక్క రెండు కుర్చీలూ వేసవి నుంచి ఖాళీయేనట.
కోపం తెచ్చుకుందామని చూశాను.
రాలేదు.

అవును, నాకూ ఒక ఫైలుంది.
బాగ్రామ్‌లో లారీ మీంచి దూకినప్పుడు
లోపల ఏదో తెగిన కుడి మోకాలు.
ఇరవై ఆరు నెలలైంది దాన్ని కాగితాల్లోకి పంపి.
పరీక్షించినాయన అడిగాడు:
"రోజుకెంత నడుస్తారు?"
నిజం చెప్పాను. తొమ్మిది మైళ్లు.
టకటకా కొట్టుకున్నాడు.
నడక మానేస్తే జీతం లేదు,
నడిస్తే నొప్పి లేదు.
మెట్లు వెనక్కి తిరిగి దిగుతానని
చెప్పేలోపే తలుపు తీసి పట్టుకున్నాడు.

తెల్లవారుజామున ఉత్తరాలు గళ్లలో సర్దేటప్పుడు
నా ఇంటి గడి వైపు కళ్లు పోనివ్వను.
చెయ్యే వెళ్లి తడుముతుంది.

ఆర్లో ఇంటికి ఐదు మెట్లు.
పోయిన చలికాలం ఓ ఉదయం
అతను గేటు దాకా మంచు తవ్వుకుని వచ్చి
అక్కడే నిలబడున్నాడు.
మర్నాడూ. ఆ మర్నాడూ.
నాలుగో రోజుకి అర్థమైంది
నా మోకాలి కోసమని.
డాక్టరు చీటీ అడగలేదు,
సాక్షి సంతకం అడగలేదు.
కిటికీలోంచి ఒకసారి చూశాడు, అంతే.

మూల తిరగగానే చెయ్యి ఎత్తి
లేదని ఊపుతాను.
అరిచి చెప్పినా వినపడదు కదా.
అయినా వెళ్లిపోడు.

ఇవాళ అతనికి వచ్చింది ఒక్కటే,
విత్తనాల కేటలాగు,
గోధుమరంగు కవర్లో.
మందంగా ఉంది.
తెలిసి కూడా ఇద్దరం
ఒక్క క్షణం దానికేసే చూశాం.