కాలేడు

డాక్టరు చెప్పాడు గనక నడుస్తున్నాను.
షుగరు మూడొందలు దాటిన టైలరుకి
కంభం చెరువు కట్టే పొద్దుటి బిళ్ళ.

నాలుగున్నర. కొండలింకా విప్పని నల్లగుడ్డ తాను.
చీకటెక్కడ అయిపోయి నీళ్ళెక్కడ మొదలౌతాయో
కత్తెర పెట్టి చూపించమంటే నావల్ల కాదు.
గిద్దలూరు వైపు గూడ్సొకటి
తన చప్పుడంతా పొడుగ్గా పరిచి
మళ్ళీ చుట్టుకుని పోయింది.

అప్పుడు వినబడింది.

పిక్... పిక్... పిక్‌పిక్‌పిక్‌పిక్
ఎవరో ఆయాసపడుతూ మెట్లెక్కి
పైమెట్టు మీద గొంతు విరిగి
పీ...విక్, పీ...విక్ అంటూ దిగిపోయినట్టు.

తీతువు కాదు. తీతువు నాకు తెలుసు,
మనిషి కనబడితే చాలు తగువేసుకుంటుంది.
ఇది ఎవరితోనూ మాట్లాడటం లేదు.
బుడబుంగ కాదు. నీటికోడి అసలే కాదు.
చకోరమనేద్దామంటే నేను కవిని కాను.

మర్నాడు ఫోన్లో పట్టాను.
అంగడి ముందు అందరికీ వినిపిస్తే
గాలి, నా చెప్పులు, నా రొప్పు.
పిట్ట మాత్రం లేదు.
"నీ ఊపిరికి నువ్వే బెదిరినట్టున్నావు మాలకొండయ్యా"
టీ గ్లాసు చేతికిస్తూ నవ్వాడు మస్తాన్‌వలి.
నోటితో అని చూపించబోయాను,
పన్ను ఊడిన సందులోంచి సగం పిట్ట జారిపోయింది.
జాకెట్టు కొలతలిస్తున్న టీచరమ్మ
చేతులు చాపుకునే "కొంగేమో" అంది.
మా ఆవిడ ఏమీ అనలేదు,
కాకరకాయ రసం గ్లాసు ఇంకాస్త ముందుకు జరిపింది.

తర్వాత నాలుగు రోజులు అది కూయలేదు.
కూయని పిట్ట కోసం చెవి పెడితే
కప్పలు రెండు రకాలని తెలిసింది,
తూము దగ్గర నీళ్ళకి చిన్న నత్తి ఉందని,
నా కుడికాలు ఎడమకాలి కన్నా
గట్టిగా పడుతుందని.

కట్ట చివర వల బాగుచేసుకుంటూ చింతల పోలమ్మ.
ఆమె సూదీ సూదే, నా సూదీ సూదే,
ఆ చనువుతో కూర్చుని
నాకు వచ్చిన సగం కూత కూశాను.
తల ఎత్తకుండా ఆమె
మిగతా సగం కూసింది.

"కాలేడు" అంది.

ఎవడు? ఏం కాలేడు?

"పిట్ట పేరయ్యా సామీ. కాలేడు పిట్ట.
మా నాయన అట్టనే పిలిచేవోడు."

ఆ మాట నాకు వేరే గొంతులో తెలుసు.
ఎనిమిదో తరగతి, లెక్కల గది,
మార్కుల కాగితం మీద ఎర్రసిరా.
నలభై ఏళ్ళు ఆ మాట కనబడకుండా
లోపలికి మడిచి కుట్టుకుంటూ వచ్చాను.
ఇదేమో దాన్నే పేరుగా పెట్టుకుని
తెల్లవారే ముందు, పైస్థాయిలో,
ఊరందరికీ వినబడేట్టు.

"చూద్దువు రా" అని లేచింది.

ఎండాకాలపు చెరువు,
మొదటి ఉతుక్కే కుదించుకుపోయిన గుడ్డ.
నీళ్ళు వదిలేసిన చోట గులకరాళ్ళు, నెర్రెలు, మళ్ళీ రాళ్ళు.
పోలమ్మ గడ్డంతో చూపించింది.
ఏముంది? రాయి.
ఆ పక్కన? రాయి.
దాని పక్క రాయి కన్ను తెరిచింది.

పసుపుపచ్చటి, ఇంత పెద్ద కన్ను.
పాత పోలీసు కోటుకి కుట్టే ఇత్తడి బొత్తాం.
లావుపాటి మోకాళ్ళతో లేచి
నాలుగడుగులు పరిగెత్తి
ఆగి, మళ్ళీ రాయైపోయింది.

"కదలమాక" అంది పోలమ్మ. "గుడ్లుంటాయి, రెండు."

యాడ?

"నీ కాలి కాడ."

వంగి చూశాను.
రాళ్ళు. మచ్చల రాళ్ళు. ఒకటి గుడ్డు కావచ్చు,
ఏదీ కాకపోవచ్చు.
గుడ్డ నాడెం చేత్తో తడిమి చెప్పేవాణ్ణి,
తడమడానికి భయమేసింది.
ఒంటికాలి మీద నిలబడ్డాను
వెలుతురు చెరువు మీదికి వచ్చిందాకా.

వెనక నుంచి అది కూసింది, మొత్తం కూత,
మెట్లన్నీ ఎక్కి, దిగి.

వచ్చిన అడుగుల్లోనే అడుగులు పెట్టుకుంటూ
వెనక్కి వెనక్కి నడిచాను.
డాక్టరు చెప్పని నడక.