తొట్టిలో నీళ్ళు వేడెక్కేలోపు

శనివారం, సాయంత్రం నాలుగు దాటింది.
మందిరం వెనక తలుపు అప్పటికే తీసి ఉంది.
లోపల బాప్తిస్మపు తొట్టి కింద
వెల్లకిలా పడుకుని డెల్మర్ స్టిడమ్,
డెబ్బై రెండేళ్ళ డీకన్,
కెంటకీ బొగ్గుగనికి మోకాళ్ళు రెండూ ఇచ్చుకున్నవాడు,
హీటరు మూత విప్పుతున్నాడు.

గురువారం రాత్రి ఇతనే నన్ను
గొర్రెతోలు కప్పుకున్న తోడేలన్నాడు.
ముఖాన కాదు. ఫోనులో,
కౌంటీ కౌంటీ అంతా చూసేలా.
కింద నలభై ఒక్కమంది బొటనవేలెత్తారు.
లెక్కపెట్టాను. అవును, లెక్కపెట్టాను.
అందులో పదకొండుమందిని నేనే నీళ్ళలో ముంచి లేపాను.
ఒకామె పెళ్ళికీ, ఆమె తండ్రి సమాధి దగ్గరా
నిలబడింది నేనే.

నేను చేసిన నేరం ఇదీ:
ఎన్నికల ముందు ఆదివారం
ప్రార్థనలో ఇద్దరు అభ్యర్థుల పేర్లూ ఎత్తాను.
ఒకరి పేరు ముందొచ్చింది.
ఎవరో ఒకరిది ముందు రావాలి కదా ప్రభువా,
ఒక్క నోటితో ఇద్దరినీ ఒకేసారి పలకడం
నువ్వు నాకు నేర్పలేదు.

ఇదివరకు మేం కార్పెట్ రంగు మీద కొట్టుకునేవాళ్ళం.
ముదురెరుపా, నాచు రంగా అని
సంఘ సభ ఓసారి రాత్రి పదిన్నర దాకా సాగింది.
ఓడినవాళ్ళు అలిగారు.
అలిగినా బుధవారం భోజనాలకి
చిక్కుడుగింజలూ మొక్కజొన్న రొట్టే పట్టుకొచ్చారు.
అప్పట్లో అలకకి ఒక ముఖం ఉండేది,
వణికే గడ్డం ఉండేది,
ఉప్పందించమంటే
విసురుగానైనా అందించే చెయ్యి ఉండేది.

ఇప్పుడు రాత్రిపూట కొండవాలు మీంచి చూస్తే
కిటికీకో నీలివెలుగు.
నాకిచ్చేది వారానికి నలభై నిమిషాలు.
మిగతా వారమంతా వాళ్ళకి వేరే ప్రసంగీకులున్నారు,
గొంతు చించుకునేవాళ్ళు,
ఆస్పత్రి మంచం పక్కకి ఎన్నడూ రానివాళ్ళు.

నేనూ తక్కువ తినలేదు.
ఆ రాత్రి ఒంటిగంటకి వంటింట్లో నిలబడి
డెల్మర్‌కి జవాబు రాశాను.
మంచి జవాబు. పదునైనది.
అతని కొడుకు మత్తుమందు సంగతి కూడా అందులో ఉంది.
అది అతను నాకొక్కడికే, ట్రక్కులో కూర్చుని,
స్టీరింగు మీద తల ఆనించి చెప్పిన మాట.
పంపలేదు.
చెరపలేదు కూడా.
ఇప్పుడది నా చొక్కాజేబులో ఉంది, గుండె మీదే.

"ఎవరది?" తొట్టి కిందినుంచి.
"నేనే."
కాసేపు రెంచి చప్పుడు తప్ప ఏమీ లేదు.
"టార్చి పట్టుకో. ఎడమకి. ఎడమన్నాను."
పట్టుకున్నాను.

రేపు మునిగేది ఐలా ఫుగేట్, పదకొండేళ్ళ పిల్ల.
వాళ్ళ అమ్మమ్మ గుమ్మం ముందు పాతిన బోర్డుకీ
డెల్మర్ గుమ్మం ముందు పాతిన బోర్డుకీ నడుమ
ఒక్క రోడ్డు, పన్నెండడుగులు.
ఎండాకాలం నుంచి ఎవరూ దాటలేదు.
"పిల్లకి ఆయాసం," అన్నాడు ఒక మరను పళ్ళ మధ్య పట్టుకుని,
"చన్నీళ్ళు పడవు."

నాకు తెలీదు.
ఎనిమిదేళ్ళుగా ఈ మందకి కాపరిని,
నాకు తెలీదు.

కాలిపోయిన తీగ ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు.
ఆరు కావస్తుండగా చిన్న ఎర్రదీపం వెలిగింది.
ఇద్దరం అంచున కూర్చుని నీళ్ళలో చేతులు ముంచాం.
అతని చేతిగీతల్లో బొగ్గు ఇంకా ఉంది,
ఏ నీళ్ళకీ పోనిది.
"చల్లగానే ఉన్నాయి," అన్నాను.
"చూడాలి," అన్నాడు.

అతను క్షమాపణ అడగలేదు. నేనూ అడగలేదు.
తలుపు దగ్గర ఆగి, వెటకారమో ఏమో,
"రేపు ఎవరి పేరు ముందు?" అన్నాడు.
"పిల్లది."
నవ్వలేదు. టోపీ పెట్టుకున్నాడు.
అతని ట్రక్కు రెండోసారికి గానీ అందుకోలేదు.

చీకట్లో ఫోను తీశాను.
తడివేళ్ళని ఆ అద్దం గుర్తుపట్టలేదు.
చొక్కాకి తుడుచుకుని
మళ్ళీ నొక్కాను.