అదనపు ఏడాది

ఆగస్టు ముప్పై ఒకటిన పుట్టాడు డెరెక్,
ఫ్లీట్‌వుడ్ రేవులో చేపల ఓడెక్కేశాడు.
రెండు రోజులు ఆలస్యంగా భూమ్మీద పడ్డ వాడి పిన్ని కొడుకు రోలండ్
నా వడ్రంగం క్లాసులో చిక్కాడు.
పదిహేను చాలదు, ఇక పదహారు, అంది డెబ్బై రెండులో చట్టం.

వీళ్ల కోసమే లేపారు ఈ రేకుల గది.
పెయింటు వాసన ఇంకా పోలేదు.
స్టాఫ్ రూములో టీ చల్లారేదాకా వాదన:
"ఇష్టం లేనోణ్ణి కట్టేస్తే చదువొస్తుందా?"
"పదిహేనేళ్లోణ్ణి సముద్రానికి అప్పగిస్తామా?"
నేను రెండువైపులా తలూపాను.
నా చేతికి పద్నాలుగుకే రంపం ఇచ్చారు మరి.
అది మంచో చెడో,
ఈ వేలు లేని చోటునడిగితే
ఒక్కోరోజు ఒక్కో మాట చెబుతుంది.

స్టూలు చెయ్యమంటే చేపల పెట్టె చేశాడు రోలండ్.
మూలలు ఎంత బాగా కుదిరాయో!
"సార్, దీనికి కూలెంత?"
మార్కులిస్తానన్నాను. నవ్వాడు.
వాళ్లమ్మ నవ్వలేదు.
రాని ఆ ఏడాది జీతాన్ని
కొట్లో బాకీకి ఎప్పుడో జమేసుకుందావిడ.

నవంబరులో, ఐస్‌ల్యాండ్ నీళ్ల నుంచి తిరిగొచ్చి
కంచె అవతల నిలబడ్డాడు డెరెక్.
కొత్త బూట్లు. జేబులో నోట్లు. ఉప్పుకి పగిలిన అరచేతులు.
రోలండ్ చూపు ఆ బూట్లు దాటలేదు.
డెరెక్ మాత్రం నా భుజం మీదుగా
భోజనాల హాలు కిటికీ వైపు చూస్తున్నాడు.

"ఇవాళ గురువారం కదా సార్,
కస్టర్డ్ పెడుతున్నారా ఇంకా?"

గంట మోగింది.
ఇద్దరూ కదిలారు.