వాన తీసేసిన టేపు

చిలోయె దీవిలో, అంకూద్ రేవు వెనక సందులో
నా కొట్టుకి బోర్డు లేదు.
పుల్లటి వాసన గుమ్మం దాకా వచ్చిందంటే
ఎవరో పాత రీలు తెచ్చారన్నమాట.

ఎదువీనా బర్రీయా
బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
"వెనిగర్‌లో ఊరేశారా ఏంటి?" అన్నాను.
నవ్వలేదు.
ఫిల్మ్ ముసలిదైతే అలాగే పులుస్తుందనీ,
ఎండు చేప తోకలా అంచులు ముడుచుకుంటుందనీ చెప్పాను.
"నాకూ అంతే వయసు" అంది.

మూడు నిమిషాల ఇరవై సెకన్లు.
ఓ ఇల్లు సముద్రం మీద వెళ్ళిపోతోంది.
నిజమే. ఇక్కడ ఇల్లు మారడమంటే ఇంటినే మార్చడం.
చెక్క ఇంటిని దుంగల మీద ఒడ్డుకి దొర్లించి
పడవలకి తాళ్ళు కట్టి
ఊరు ఊరంతా అవతలి గట్టుకి లాగుతారు.
కిటికీ తెర ఇంకా ఊగుతూనే ఉంది.
తెర వెనక పిల్లి ఉందట.
నాకు కనబడలేదు.

వాళ్ళ నాన్న కుస్తోదియో మాత్రం
ఎక్కడా లేడు.
కెమెరా ఆయన చేతిలోనే ఉంది కదా.
ఒకచోట తడి ఇసుక మీద టోపీ నీడ,
ఇంకోచోట అద్దానికి అడ్డొచ్చిన బొటనవేలు.
అక్కడ ఆపమంది.
వెలుతురు లోపల పారుతున్న
ఎర్రటి వేలు.
నేను టీ కాచి తెచ్చేదాకా దాన్నే చూస్తోంది.

డబ్బా అడుగున ఓ టేపు చుట్ట.
జిగురెక్కి పొరకి పొర అతుక్కుపోయింది.
ఆపిల్ ముక్కలు ఎండబెట్టే పెట్టెలో పెట్టి
ఎనిమిది గంటలు వెచ్చబెట్టాను.
ఇలా చేస్తే కొన్నాళ్ళు పలుకుతుంది,
మళ్ళీ నోరు పడిపోతుంది.

పలికింది.
కుస్తోదియో మేకుల ధర గురించి విసుక్కుంటున్నాడు.
ఏ వరసలో ఏ బంగాళాదుంప నాటాడో
ఒక్కొక్కటే పేరు పెట్టి చదువుతున్నాడు.
ఎక్కణ్ణుంచో ఆవిడ గొంతు:
"ఆ యంత్రం కట్టేసి కట్టెలు పట్రా!"

వాటి కింద ఆపకుండా ఒక స్‌స్‌స్...
మాటకీ మాటకీ మధ్య అర సెకను కత్తిరించి
ఇదీ మురికి అని కంప్యూటర్‌కి చూపించాను.
మొత్తం ఏరి పారేసింది.
రాళ్ళేరిన బియ్యంలా మిగిలాయి మాటలు.
నా పనితనానికి నేనే మురిసిపోయాను, దాచడమెందుకు.

ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.
కాసేపు విని తీసేసింది.
"ఎవరు వీళ్ళు?"
"మీ అమ్మా నాన్నా."
"కాదు. మా ఇంట్లో వాన పడుతూ ఉంటుంది."

రెండు రాత్రులు కూర్చున్నాను.
ఆ స్‌స్‌స్‌లో టేపు అరుగుదల ఎంతో,
చెక్క పెంకుల మీద వాన ఎంతో
విడదీయలేకపోయాను.
యంత్రం చెవికి రెండూ ఒకటే.
నా చెవికీ ఒకటే అయ్యాయి, అదీ నా బాధ.
చివరికి మురికీ వానా కలిపి
ఉన్నదున్నట్టు వెనక్కి పోశాను.

మళ్ళీ వచ్చింది. విన్నది.
"కట్టెలు పట్రా" దగ్గర
కుర్చీలోంచి సగం లేచి,
ఎక్కడున్నదీ చూసుకుని,
మెల్లగా కూర్చుంది.

కూలి డబ్బులతో పాటు
ఊదారంగు దుంపలు ఓ సంచెడు ఇచ్చింది.
అవి ఏ వరసవో నేనడగలేదు.
ఫైల్‌కి పేరేం పెట్టను అన్నాను.
నాన్న పేరు చెబుతుందేమోనని
అప్పటికే 'కు' కొట్టి ఉంచాను.

"కట్టెలు" అంది.
ఆ ఒక్క అక్షరం చెరిపి
అదే పెట్టాను.