ఎన్నించులు?

అనంతపురం కమలానగర్‌లో రెండో అంతస్తు.
కింద మందుల షాపు షట్టరు దించేశాక
నా గదిలో ఫ్యాను చప్పుడు, సీపీయూ చప్పుడు
ఒకదాన్నొకటి దాటాలని చూస్తుంటాయి.

పని ముప్పై సెకన్ల ప్రకటన.
బోరు బండ్ల కుళ్ళాయప్పది.
బెళుగుప్ప దగ్గర ఒక చేలో తీశాం.
ఆరువందల యాభై అడుగుల దాకా
తెల్ల దుమ్మే లేచింది,
కెమెరా అద్దం మీదా, మా పళ్ళ మీదా.
రైతు మద్దిలేటి గొట్టం వైపే చూస్తా నిలబడ్డాడు,
తలగుడ్డ విప్పి మొగం కూడా తుడుచుకోలేదు.
కుళ్ళాయప్ప నా భుజమ్మీద చెయ్యేసి చెప్పినాడు:
"నీళ్ళు కంప్యూటర్లో పెట్టబ్బీ. రోంత జాస్తిగానే పెట్టు."

పెడుతున్నాను.
దుమ్మును ఒక పొరగా కోసి పక్కన పడేసి
దాని జాగాలో చినుకుల పొర, నురగ పొర,
ఎండ తగిలి మెరిసే పొర,
మద్దిలేటి చొక్కా తడిసినట్టు కనిపించే నీడ పొర.
ఇరవైమూడు పొరలు. ఏడువందల యాభై ఫ్రేములు.

యంత్రంలో ఎనిమిది కోర్లున్నాయని
కొన్ననాడు వీధంతా చెప్పుకున్నాను.
ఎనిమిదింటినీ ఒకేసారి పనిలోకి దించి
ఎనిమిదింతలు పరిగెత్తుతుందని టీ తాగుతా కూర్చున్నాను.
రెండువందల పదకొండో ఫ్రేము దగ్గర
కూలబడింది.
మెమరీ చాలలేదంట.

ఇది మా వీధి ట్యాంకరు లెక్కే.
ఉన్నది పదహారు జీబీ.
అందులో నాలుగు తీసి పక్కన పెట్టాలి,
యంత్రం తానెవరో తాను మరిచిపోకుండా.
మిగిలిన పన్నెండూ ఎనిమిదిమంది పంచుకుంటే
తలా ఒకటిన్నర.
నీళ్ళను గీయడానికి ఒక్కో ఫ్రేముకు మూడు కావాలి.
దుమ్ముకైతే అర చాలేది.
ఇంక ఎనిమిదిమందీ డిస్కు దాకా పోయి
తెచ్చుకుంటా, పారబోసుకుంటా, మళ్ళీ పోతా
దావలోనే తెల్లారుస్తారు.
ఎర్ర లైటు ఆగకుండా కొట్టుకుంటుంది.
చూసేవాళ్ళకు మాత్రం శానా కష్టపడుతున్నట్టే ఉంటుంది.

మా అమ్మ చెన్నక్కకు ఇది ఎప్పుడో తెలుసు.
ఇంట్లో ఎనిమిది బిందెలున్నా
ట్యాంకరు దగ్గరికి నాలుగే తీసుకుపోయేది.
"అరబిందెలు మోస్తే నడకే దండగ" అనేది.

నలుగుర్ని పక్కన కూర్చోబెట్టాను.
మెమరీ పట్టుకుని కూర్చున్న పాతవన్నీ ఖాళీ చేయించాను:
నిన్నటి పెళ్ళి వీడియోలో గిర్రున తిరిగే పేర్లు,
చెడిపోయిన నురగలు పదకొండు,
ఎందుకు దాచుకున్నానో తెలియని ఒక ఎర్ర ఆకాశం.
మిగిలిన నలుగురికీ తలా మూడు.
రెండువందల పదకొండు కదిలింది.

వరసగా రావు ఫ్రేములు.
పద్నాలుగు ముందొచ్చేస్తుంది, పదమూడు తర్వాత.
ఒకదాంట్లో చుక్క నేల తాకేసి ఉంటుంది,
వెనక వచ్చినదాంట్లో అదే చుక్క ఇంకా గాల్లోనే.
ఒక్కోటీ విడి బొమ్మగా రాయించుకుంటున్నా కాబట్టి
రెండున్నరకు కరెంటు పోయినా
యూపీఎస్ పది నిమిషాలు కీచుమని చచ్చిపోయినా
పడినవి పడినట్టే ఉన్నాయి.
నాలుగింటికి కరెంటొచ్చాక
నాలుగువందల మూడు నుంచి ఎత్తుకున్నాను.

పొద్దున పదికి మద్దిలేటి వచ్చాడు,
కుళ్ళాయప్ప ఇస్తానన్న షూటింగు కూలీ మూడొందలు
నా దగ్గరేమైనా పెట్టి పోయినాడేమోనని.
చెప్పులు కింద మెట్టు దగ్గరే వదిలేశాడు.
స్క్రీను మీద ఆయన చేను, ఆయన గొట్టం.
గొట్టంలోంచి నీళ్ళు
కరెంటు స్తంభమంత ఎత్తు లేచి
ఆయన మీదే పడుతున్నాయి.
మొగం ఒక్కటే నేను ముట్టుకోలేదు.
అది దుమ్మును చూసిన మొగం.
నీళ్ళు పోస్తే సంతోషంలా ఉంది.

మూడుసార్లు తిప్పించుకున్నాడు.
నవ్వుతాడనుకున్నా. తిడతాడనుకున్నా.
వంగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
ధారను పట్టి కొలిచి
"ఎన్నించులు పడినట్టబ్బీ?" అన్నాడు.

నా దగ్గర పిక్సెళ్ళ లెక్క ఉంది.
ఇంచుల లెక్క లేదు.
"మూడు" అన్నాను,
రాత్రంతా నోట్లో నానిన అంకె అదొక్కటే కాబట్టి.

ఆయన కుర్చీ వద్దని నేల మీదే కూర్చుని
మూడించులకు ఎన్నెకరాల సెనక్కాయ తడుస్తుందో
వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాడు.
ఎనిమిది కోర్లూ అప్పుడు ఖాళీగానే ఉన్నాయి.