పగిలిన చప్పుడు

నూనెలో ముంచగానే టిక్‌మంటుంది.
గోరు విరిగినంత చప్పుడు.
రెండు రోజుల పని అక్కడితో సరి.

రుస్తావిలో ఉక్కు ఫ్యాక్టరీ మూతపడ్డాక
క్రేను నడిపిన చేతులకి సుత్తి ఇచ్చుకున్నాను.
యాభై రెండేళ్లకి కొలిమి పెట్టినవాణ్ణి ఎవరు నమ్ముతారు?
నిప్పే నమ్మలేదు.

కమాజ్ లారీ కమాన్ పట్టీల్ని బాకులు చేయబోయాను.
మొదటిది దోసకాయలా వంగింది.
రెండోది ఎర్రబడి, తెల్లబడి, కాకరపువ్వొత్తిలా చిటపటలాడి
పట్టకారులో సగమే మిగిలింది.
గొడ్డలి అనుకున్నది కత్తయింది, కత్తి మేకైంది.
మేకు కోసం మా ఆవిడ లమారా ఏనాటినుంచో అడుగుతోంది కనక
అదొక్కటే గోడెక్కింది.
ఇప్పుడు దానికి వెల్లుల్లి జడ వేలాడుతోంది.

మిగతావన్నీ రంగుల డబ్బాలో పడేశాను.

ఒతియా వచ్చి ఆ డబ్బాలోకి తొంగిచూశాడు.
తిబిలీసీలో ఎండు వంతెన దగ్గర దుప్పటి పరిచి
సోవియట్ పతకాలు, గుడ్డి కెమెరాలు, షాండిలియర్ నుంచి రాలిన గాజుపూసలు
అమ్ముకునే మనిషి.
"వీటికి వయసొక్కటే తక్కువ,
అది నేను పెడతాలే" అన్నాడు.

ఉప్పు, వెనిగరు, కోళ్ల పెంట, సారా కాచాక మిగిలిన ద్రాక్షపిప్పి.
కంచె వెనక గొయ్యి తీసి
కోతల నాడు పాతాం, ఈస్టరుకి తవ్వాం.
కన్నవాణ్ణి నేనే పోల్చుకోలేకపోయాను.
నా వంకర, గుర్రం మీంచి పడ్డ ఎవడిదో వంకరైంది.
నా పగులు, ఎవరి కవచానికో తగిలిన పగులు.

నేను పక్క దుప్పటి దగ్గర
పాత ఆకురాళ్లు బేరమాడుతున్నట్టు నిలబడి చూశాను.
ఒక జర్మనీ ఆయన దాన్ని రెండు చేతులా అందుకున్నాడు,
ఉయ్యాలలోంచి పాపని తీసినట్టు.
నేను చేసిన వస్తువుని అంత మెల్లగా ముట్టుకున్నవాడు
అంతకు ముందు లేడు.
నిజం చెప్పాలి:
నా వాటా డెబ్బై లారీలు
జేబులో వేసుకోవడం గుర్తొచ్చింది ఇంటికొచ్చాకే.

తర్వాతి శనివారం మ్యూజియం ఎతేరీ వచ్చింది.
కళ్లద్దాలకి తాడు, చేతిలో ఉల్లికాడల సంచి.
బాకు తీసి వాసన చూసింది. నవ్వలేదు.
"ఎలా తెలుస్తుందమ్మా అబద్ధమని?" ఒతియా గొంతు పెంచాడు.

"ఆ రోజుల్లో ఇనుము దొరికేదా నాయనా?
ఇంత పగులున్నదాన్ని ఏ కమ్మరీ ఒకరి చేతికివ్వడు.
మళ్లీ నిప్పులో పెడతాడు.
నాడా చేస్తాడు, గడియ చేస్తాడు,
ఆఖరికి సూదైనా చేస్తాడు.
వాళ్ల తప్పులు మనదాకా రాలేదు."

ఉల్లికాడలు సర్దుకుంటూ,
ఎవరివైపూ చూడకుండా అంది:
"చేసినవాడికి చెప్పు,
నూనె కొంచెం వెచ్చబెట్టుకోమని.
చల్లటిదాంట్లో ముంచుతున్నాడు."

నా చెవులు ఏ రంగుకి తిరిగాయో
కొలిమి దగ్గర పనిచేసినవాళ్లకి తెలుస్తుంది.

ఆ రాత్రి కంచె వెనక మిగిలిన నాలిగింటినీ తవ్వితీశాను.
నిప్పులో పెట్టగానే
ఒతియా పెట్టిన మూడొందల ఏళ్లు
పొట్టు పొట్టుగా దాగలి మీద రాలాయి.
కోళ్ల పెంట కమురు కంపుకి
లమారా లోపల్నుంచి తిట్టి కిటికీలు మూసింది.

అయిదోది మాత్రం ఏదో ఊళ్లో, ఏదో గోడమీద
చిన్న దీపం కింద ఉండే ఉంటుంది.
దాన్ని తిరిగి నిప్పులో పెట్టలేను.

నాలుగూ కలిపి అతికి, సాగగొట్టి, వంచాను.
ఈసారి వంపు నేను కోరిందే:
ద్రాక్ష తీగలు కోసే చిన్న కొడవలి.
కాల్చిన బోల్టొకటి నూనెలో పడేసి
వెచ్చబడేదాకా ఆగాను.
ముంచాను.
చెవి దగ్గర పెట్టుకున్నాను.

పక్కింటి కుక్క మొరిగింది.
ఆ తర్వాత ఏమీ వినపడలేదు.