పక్కలు లేని బరి

సున్నం సంచీ ఒకటే.
వాలీబాల్ కోర్టూ అందులోంచే, ఖోఖో కూడా,
వందమీటర్ల పరుగుకి ఎనిమిది దారులు,
పోలీసు సెలెక్షన్లప్పుడు లాంగ్‌జంప్ గీత.
ముప్ఫై ఒక్క ఏళ్ళు గుంటూరు స్టేడియంలో
మేకులూ పురికొసా పట్టుకు తిరిగాను.
వంగి గీసేవాడికి ఏ ఆటైనా
ఒక కొలత, అంతే.

గేటు బయట టీ బడ్డీలో మాత్రం
రోజూ మనుషుల్ని ఆటలు మారుస్తుంటారు.
"ఆ ఫాస్ట్ బౌలర్‌కి ఈటె ఇచ్చి చూడండ్రా,
బ్రాడీపేటలో విసిరితే అమరావతిలో దిగుద్ది."
"మిర్చి యార్డు హమాలీ చాలడూ, వెయిట్‌లిఫ్టింగుకి?"
"బస్తా వీపెక్కుద్ది, బారు నెత్తినెక్కాలి.
రెండూ ఒకటేంట్రా?" అంటాడు మీరావలి, టీ వార్చుతూ.
నేను గ్లాసు పెట్టేసి లేచొచ్చేవాణ్ణి.
కెజియా సంగతి వాళ్ళకి చెప్పలేదు.

చేబ్రోలు పిల్ల. రైల్వే జట్టులో రైడర్.
ఎదురుగా ఏడుగురుంటే
ఎనిమిదో సందు ఎటుందో దాని నడుముకి తెలుసు.
అందరూ కోర్టు పొడవులో ఆడితే
అది వెడల్పులో ఆడేది.
ఎడమకని ఊరించి కుడికి,
కుడికని నమ్మించి మళ్ళీ కుడికే.

అలా పక్కకి తిరగటంలోనే మోకాలు తెగింది.
కొత్తపేట డాక్టరు ఫిల్ము వెలుతురుకి పట్టుకుని
"ముందుకెళ్ళు, వెనక్కి రా, పర్లేదు.
పక్కకి మాత్రం తిరగొద్దమ్మా" అన్నాడంట.

ఏడుస్తుందనుకున్నా.
"పక్కలు లేని ఆట ఏదుంది మావా?" అనడిగింది.

ఇండోర్ హాల్లో కత్తిసాము.
పధ్నాలుగు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు.
ఎదురుగా స్కూటరొస్తే
ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిన సందు.
మణిపూర్ నుంచొచ్చిన కోచ్ ఇబోతోంబి
దాని అడుగు ఒక్కటి చూశాడు,
ఇంకొకటి వెయ్యమన్నాడు,
ఏం మాట్లాడకుండా లోపలికెళ్ళి తెల్లకోటు తెచ్చాడు.

ఏడాదిన్నరకి విజయవాడలో ఎంపికలు.
సెలవు పెట్టి నేనూ వెళ్ళాను.
మొదటి తాకుడు కెజియాదే,
అవతలమ్మాయి బూటు కొసన.
దీపం వెలిగింది.
దీపం వెలిగితే ఇద్దరూ ఆగుతారు.
ఇది ఆగలేదు,
వెనక్కి తిరిగి ఒకటే పరుగు, తన గీత దాకా.
హాలంతా నవ్వు.
వీపు చూపితే తప్పట, పసుపు కార్డిచ్చారు.

మళ్ళీ తాకింది. మళ్ళీ పరుగు.
రిఫరీ ఆటాపాడు.
"మాస్కులో ఎవరు మాట్లాడేది?"

మాటలు కావండీ.
కూత.
కబడ్డీ కబడ్డీ కబడ్డీ
ఇనప జల్లెడ వెనకాల
తెగని ఒకే ఊపిరి.

నోరు మూసుకుని ఆడమన్నారు.
మూసుకుంది.
అక్కణ్ణుంచి కాలొక చోటా ఊపిరొక చోటా పడ్డాయి.
తొమ్మిది, పదిహేను.

బస్సు మంగళగిరి దాటేదాకా కిటికీలోకే చూసింది.
"దీపాన్ని నమ్మబుద్ధి కాదు మావా," అంది అప్పుడు.
"తాకితే ఎలా అయిపోద్ది?
తిరిగి రావొద్దూ?"
నా దగ్గర జవాబు లేదు.
మరమరాల పొట్లం ఉంటే ఇచ్చాను.

మర్నాడు అయిదింటికి స్టేడియం గేటు కొడుతోంది.
హాలు తాళం తొమ్మిదికిగానీ రాదు,
బయట మట్టిలో ఒక బరి గీసి పెట్టమంది.
పధ్నాలుగు, ఒకటిన్నర.
కొలిచాను, మేకులు దిగ్గొట్టాను, సున్నం పోసుకుంటూ పోయాను.
లేచి చూస్తే
రెండు వైపులా ఇంకో మీటరు చొప్పున
కబడ్డీ లాబీలు గీసేసి ఉన్నాయి.
నేను గీద్దామనుకోలేదు.
చెయ్యి గీసింది.

సిగ్గుపడి చెప్పుతో చెరపబోయాను.
"ఉండనీ మావా,"
అంటూ నా చెప్పుకి అడ్డంగా కాలు పెట్టింది.

కట్టున్న కాలే.
పక్కకే తిప్పింది.